కొలరాడో కొండల్లో లేజర్ రేంజ్‌ఫైండర్: కొన్ని సీజన్ల వాడకం తర్వాత

వేటకు లేజర్ రేంజ్‌ఫైండర్ (లేజర్ కాంతితో దూరం కొలిచే చేతి పరికరం) కొనేవాళ్ల కళ్లు ముందుగా పడేది పెట్టె మీద పెద్దక్షరాల్లో వేసిన గరిష్ఠ దూరం మీద. నా అనుభవంలో అన్నిటికన్నా చివర చూడవలసినది ఆ అంకెనే. పొద్దు వాలాక, ఎండిన గడ్డి రంగులోనే కలిసిపోయి నిలబడిన జింక మూడు నాలుగు వందల గజాల పరిధిలో ఎంత దూరాన ఉందో ఆ పరికరం నమ్మకంగా చెప్పగలదా? వేటగాడికి పనికొచ్చే పరీక్ష ఇదొక్కటే.

నేను వెళ్లేది వాయవ్య కొలరాడోకు, క్రెయిగ్, మీకర్ ఊళ్ల చుట్టుపక్కల కొండలకు. కింద సేజ్‌బ్రష్ పొదలు, పైన ఆస్పెన్ చెట్లు, మధ్యలో వెడల్పాటి లోయలు. మ్యూల్ డీర్, ఎల్క్ అనే రెండు జాతుల జింకలూ అక్కడ ఉంటాయి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి ఇది అమెరికాలో లైసెన్సు తీసుకుని వేటాడే తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు లైసెన్సు కొనాలంటే వేట భద్రత శిక్షణ పూర్తి చేసి ఉండాలి. అది ఇంకా చేయనివాళ్లు పరికరాల గురించి ఆలోచించేముందు ఆ పని చూసుకోండి.

దూరం అంత కచ్చితంగా ఎందుకు తెలియాలి? నా రైఫిల్ 270 విన్‌చెస్టర్ అనే తూటా రకానిది. 130 గ్రెయిన్ల (గ్రెయిన్ తూటా బరువుకు వాడే కొలత) తూటాతో 200 గజాలకు గురి సరిచేసి ఉంచాను. 300 గజాలకు తూటా ఆరేడు అంగుళాలు కిందికి దిగుతుంది. 400 గజాలకు దాదాపు ఇరవై అంగుళాలు. అంటే ఆఖరి వంద గజాల్లోనే అడుగుకు పైగా తేడా. మ్యూల్ డీర్ గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం వెడల్పు తొమ్మిది, పది అంగుళాలకు మించదు. చెట్లు లేని ఆ లోయల్లో కంటి అంచనా యాభై గజాలు తప్పడం చాలా మామూలు. ఆ తప్పుకు జంతువు కడుపులో గాయంతో అడవిలోకి పోతుంది. గాయపడిన జంతువును వెతికి పట్టుకునేందుకు తగిన ప్రయత్నం చేయాలని కొలరాడో చట్టమే చెబుతోంది. అసలు ఆ పరిస్థితి రాకుండా చూసుకోవడం మన బాధ్యత. రేంజ్‌ఫైండర్ విలువ నాకు అక్కడే కనిపిస్తుంది. ఎక్కువ దూరం కాల్చే ధైర్యం కోసం దీన్ని కొనవద్దు. కాల్చకుండా ఆగవలసిన దూరం ఏదో తెలుసుకునేందుకు కొనండి. నా హద్దు 350 గజాలు. 420 అని చూపిస్తే లేచి దగ్గరికి నడుస్తాను, వీలు కాకపోతే వదిలేస్తాను.

ఇప్పుడు ఆ పెట్టె మీది అంకె సంగతి. పరికరం కంటికి కనబడని లేజర్ మెరుపును పంపి, అది తగిలి తిరిగి వచ్చే సమయాన్ని కొలుస్తుంది. వేటకు అమ్మేవాటిలో చాలావరకు 905 నానోమీటర్ల లేజరే ఉంటుంది. 400 గజాలు పోయి రావడానికి కాంతికి పట్టేది సెకనులో పది లక్షల వంతుల్లో రెండున్నర వంతులు మాత్రమే. అద్దంలా మెరిసే బోర్డు మీద పడితే తిరిగొచ్చే కాంతి ఎక్కువ. జింక చర్మం మీద పడితే చాలా తక్కువ. అందుకే కంపెనీలు రెండు అంకెలు ఇస్తాయి. ఉదాహరణకు వోర్టెక్స్ రేంజర్ 1800 పేరులో ఉన్న 1800 గజాలు మెరిసే వస్తువులకు చెప్పినవి. జింకకు కంపెనీయే ఇచ్చిన అంకె 900. ఇలా విడిగా రాసే కంపెనీలను నేను మెచ్చుకుంటాను. ఆ రెండో అంకె కూడా చేయి కదలకుండా ఉన్నప్పటి మాట. మిట్టమధ్యాహ్నపు ఎండ, మంచు, వాన దాన్ని ఇంకా తగ్గిస్తాయి. మీ కాల్పు హద్దుకు రెట్టింపు దూరంలో జింకను కొలవగలిగితే అది మీకు చాలు.

ఎవరూ పెద్దగా చెప్పని విషయం లేజర్ పుంజం వెడల్పు. కంటి ముందు కనిపించే చిన్న గడి లోపల అంతా ఒకే చోట తగులుతుందని అనుకుంటాం. నిజానికి పుంజం దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది. రెండు మిల్లీరేడియన్ల (ఇది కోణపు కొలత) వెడల్పు ఉన్న పుంజం 400 గజాల దగ్గర ముప్పావు గజం దాటి పరుచుకుంటుంది. జింక వీపు నుంచి రొమ్ము కింది వరకు ఉండే కొలత కన్నా అది ఎక్కువ. కొంత కాంతి జంతువుకు, కొంత ముందున్న పొదకు, కొంత వెనక వాలుకు తగులుతుంది. పరికరం వాటిలో ఒకదాన్ని ఎంచుకుని అంకె చూపిస్తుంది. పైగా చాలా పరికరాల్లో ఈ పుంజం గడి మధ్యలో కాకుండా కాస్త పక్కకో పైకో ఉంటుంది. దీన్ని తెలుసుకునే మార్గం సులువే. వెనక ఆకాశం తప్ప ఇంకేమీ లేని కరెంటు స్తంభాన్ని ఎంచుకోండి. నిరంతరం కొలిచే మోడ్‌లో పెట్టి, ఎడమ నుంచి, కుడి నుంచి నెమ్మదిగా స్తంభం మీదికి జరపండి. తర్వాత కొన మీదుగా పై నుంచి కిందికి దించండి. అంకె ఎక్కడ మొదలైందో అదే పుంజం అంచు. నా పరికరంలో అది గడి పై అంచుకు దగ్గరగా ఉంది. అది తెలిశాక జంతువు భుజాన్ని గడి పైభాగంలోకి తెచ్చి కొలుస్తున్నాను, అంకెలు స్థిరపడ్డాయి. కొన్న ప్రతి ఒక్కరూ ఈ పరీక్ష చేయాలని గట్టిగా చెబుతాను.

వెలుతురు విషయం కూడా అంతే ముఖ్యం. కొలరాడోలో పెద్ద జంతువుల వేట సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయం తర్వాత అరగంటకు ముగుస్తుంది. జంతువులు బయటికి వచ్చేది సరిగ్గా ఆ రెండు చివర్లలోనే. నల్ల అంకెలు చూపే పాత పద్ధతి తెర మధ్యాహ్నం ఎంతో స్పష్టంగా ఉంటుంది. చీకటి పొదల మీద అదే తెర గుడ్డిదైపోతుంది. నేను ముందు వాడినది అటువంటిదే. ఇప్పటిది ఎర్రగా వెలిగే అంకెలది. అందులోనూ వెలుగును తగ్గించే సదుపాయం ఉందో లేదో చూడండి. లేకపోతే సాయంత్రం ఆ ఎరుపే కంటిని కమ్మేసి వెనక ఉన్న జింక కనబడదు. మంచు కప్పిన వాలు మీద పట్టపగలు దీనికి వ్యతిరేకం, పూర్తి వెలుగు పెట్టినా అంకె వెలవెలబోతుంది. నా పరికరంలో నాకున్న ఒకే పెద్ద అసంతృప్తి ఇది.

గోల్ఫ్ కోసం చేసిన పరికరాన్ని వేటకు తీసుకెళ్లకండి. గోల్ఫ్ ఆటలో జెండా ముందు, చెట్లు వెనక ఉంటాయి కాబట్టి అది దగ్గర వస్తువుకే ప్రాధాన్యం ఇస్తుంది. వేటలో ముందుండేవి పొదలు, వెనకుండేది జంతువు. దూరపు వస్తువును ఎంచుకునే మోడ్ మనకు తప్పనిసరి. అయినా పడుకున్న జింక కొమ్ములు మాత్రమే పొద పైన కనిపిస్తుంటే ఏ మోడూ నమ్మదగినది కాదు. దాని పక్కనే ఉన్న బండనో చెట్టు మొద్దునో కొలవడం మేలు. కూర్చున్న చోటు నుంచి కనిపించే రాళ్లు, కంచె మూలలు, ఎండు చెట్ల దూరాలను ముందే కొలిచి కాగితం మీద గీసుకోవడం నాకు అలవాటు. జంతువు వచ్చాక పరికరం ఎత్తే అవసరమే చాలాసార్లు పడదు.

వాలుగా కొలిచిన దూరాన్ని తూటా లెక్కకు సరిచేసి చూపే వాలు లెక్క ఉపయోగమే, కానీ అమ్మేవాళ్లు చెప్పినంత కాదు. 30 డిగ్రీల వాలులో 400 గజాలంటే తూటా లెక్కకు దాదాపు 346 గజాలు. అటువంటి కొండలు ఎక్కేవాళ్లకు అది పెద్ద తేడా. 15 డిగ్రీల వాలులో 150 గజాలంటే 145, పట్టించుకోనవసరం లేదు. ఇరవై అడుగుల ఎత్తున చెట్టు మీద కూర్చుని ఇరవై గజాల దూరానికి బాణం వేసేవారికి వచ్చే తేడా ఒక గజం.

ఫోనుకు కలిపి తూటా పతనమంతా లెక్కగట్టే ఖరీదైన రకాలూ ఉన్నాయి. నా హద్దు లోపల తుపాకి మడమ మీద అంటించిన చిన్న పట్టిక ఆ పని చేస్తుంది. ఎంత ఖరీదైన లేజరైనా గాలి గురించి ఏమీ చెప్పదు. గంటకు పది మైళ్ల అడ్డగాలి 400 గజాల దగ్గర నా తూటాను దాదాపు అడుగు పక్కకు తోస్తుంది. గాలిని అంచనా వేసే నేర్పు మైదానంలో కాల్చి సంపాదించుకోవలసిందే.

చలిలో బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. సీఆర్2 రకం బ్యాటరీ చిన్న ఊళ్ల దుకాణాల్లో ప్రతిచోటా దొరకదు. పరికరాన్ని జాకెట్ లోపలి జేబులో, అదనపు బ్యాటరీని విడిగా ఉంచుకోండి. చలికి చల్లబడిన కంటి అద్దం మీద ఊపిరి తగిలితే మసకబారుతుంది, కాస్త దూరంగా పట్టుకుని ఊపిరి వదలండి. నీటి నుంచి రక్షణకు ఐపీఎక్స్7 అని రాసి ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని అర్థం. ఐపీఎక్స్4 అయితే తుంపరలకే సరిపోతుంది.

ధర విషయానికి వస్తే, 300 నుంచి 500 డాలర్ల మధ్య దొరికే ఆరు రెట్లు పెద్దగా చూపే పరికరం చాలామందికి సరిపోతుంది. బైనాక్యులర్‌లోనే లేజర్ ఉండే రకాన్ని లైకా 1992లో జియోవిడ్ పేరుతో తెచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి, వాటిలో చాలావాటికి వెయ్యి డాలర్ల పైనే సిద్ధపడాలి. రోజంతా బైనాక్యులర్‌తో వాలులు గాలించేవారికి ఆ డబ్బు దండగ కాదు. చూస్తున్న జంతువును వదిలి రెండో పరికరం వెతికే అవసరం ఉండదు, చేయి కదలడం తగ్గుతుంది.

ఏది కొన్నా దుకాణం తిరిగి తీసుకునే గడువు దాటకముందే పరీక్షించండి. సూర్యుడు దిగాక పొలం గట్టు దగ్గరో చెరువు ఒడ్డునో నిలబడి, మెరిసే బోర్డులను వదిలేసి, ఎండుగడ్డి మోపులను, మట్టి దిబ్బలను, వీలైతే మేస్తున్న ఆవులను 300 గజాలకు పైన కొలవండి. వేటలో వేసుకునే చేతి తొడుగులతోనే బటన్ నొక్కండి. ఒకే వస్తువుకు వరుసగా వచ్చే అంకెలు ఒకటి రెండు గజాల తేడాలో ఉంటే ఉంచుకోండి, లేకపోతే తిరిగి ఇచ్చేయండి.