రెండో సిలిండర్ దండగేనా? ఓటో గ్యాసు ఇంజను, క్లార్క్ గ్యాసు ఇంజను: ఏది మేలు?

ఫోర్‌స్ట్రోక్ ఇంజన్లో పిస్టన్ నాలుగుసార్లు కదిలితే సంపాదించేది ఒక్కసారే. మిగతా మూడూ ఖర్చే. ఒకసారి గాలినీ గ్యాసునీ పీల్చుకోవాలి, ఒకసారి వాటిని నొక్కాలి, ఒకసారి కాలిన పొగను బయటికి తోయాలి. ఇంట్లో నలుగురుంటే ఒక్కడు సంపాదించి ముగ్గురు కూర్చుని తిన్నట్టు. బళ్లు నడిపీ నడిపీ మనకి ఇందులో వింతేమీ కనబడదు గానీ, ఆవిరి ఇంజన్ల మధ్య పెరిగినవాళ్లకి ఇది చోద్యమే. ఆవిరి ఇంజన్లో పిస్టన్ పోయేటప్పుడూ తోపే, వచ్చేటప్పుడూ తోపే.

1876లో జర్మనీలోని డాయిట్జ్‌లో నికొలాస్ ఓటో ఈ నాలుగు స్ట్రోకుల ఇంజను తయారుచేశాడు. రెండేళ్లకే గ్లాస్గో కుర్రాడు డుగాల్డ్ క్లార్క్ ఇంకో దారి మొదలుపెట్టి, 1881లో దానికి పేటెంటు తీసుకున్నాడు. (ఇంగ్లీషులో ఆ పేరు రాస్తే ఆఫీసు గుమాస్తా అయిపోతుంది, పలకడం మాత్రం క్లార్క్.) ఆయన పక్కన రెండో సిలిండర్ పెట్టి, ఫ్లైవీలు (ఇంజను తిప్పే బరువైన చక్రం) తిరిగిన ప్రతి చుట్టుకీ ఒక ఫైరింగ్, అంటే మిశ్రమం అంటుకుని పిస్టన్ని తోయడం, వచ్చేలా చేశాడు. నిమిషానికి 160 చుట్లు తిరిగే ఇంజన్లని లెక్క వేసుకుంటే, ఓటోకి 80 ఫైరింగులు, క్లార్క్‌కి 160. కాగితం మీద చూస్తే ఆట అయిపోయినట్టే. కానీ ఊరంతా కొన్నది ఓటో ఇంజన్నే. ఎందుకో తెలియాలంటే ఆ రెండో సిలిండర్ చేసే పనేమిటో దగ్గర్నుంచి చూడాలి.

అంతకు ముందు సంగతి రెండు ముక్కల్లో. అప్పటి గ్యాసంటే మన వంటగ్యాసు కాదు. బొగ్గును మూసిన కొలిమిలో గాలి తగలకుండా వేడిచేసి తీసి, వీధి దీపాల కోసం గొట్టాల్లో పంపే గ్యాసు. చిన్న ప్రెస్సువాడికి, కొయ్యపని షెడ్డువాడికి ఈ ఇంజన్లు ఎందుకు నచ్చాయంటే బాయిలర్ అక్కర్లేదు, దాన్ని కనిపెట్టుకుని కూర్చునే మనిషి అక్కర్లేదు. కుళాయి తిప్పి, చక్రం తిప్పితే చాలు. 1860లో పారిస్‌లో లెన్వార్ చేసిన ఇంజను గ్యాసునీ గాలినీ సగం దూరం పీల్చుకుని, నొక్కకుండానే అంటించేసేది. అందుకే గంటకి ఒక్కో హెచ్.పి.కి సుమారు 3 ఘనపు మీటర్ల గ్యాసు మింగేది. 1867 పారిస్ ఎగ్జిబిషన్లో ఓటో, లాంగెన్ల నిలువు ఇంజను బంగారు పతకం కొట్టేసింది. అందులో పేలుడుకి పిస్టన్ పైకి ఎగిరి, కింద శూన్యం ఏర్పడితే బయటి గాలి బరువుకి దిగివస్తూ పని చేసేది. గ్యాసు ఖర్చు సగానికి పైగా తగ్గింది. చప్పుడు మాత్రం భరించలేనిది. పైగా పెద్ద శక్తి కావాలంటే ఇంటికప్పు ఎత్తు చాలదు.

1876 ఓటో ఇంజను ఈ గొడవలన్నీ ఒక్క దెబ్బతో తీర్చింది. మంటపెట్టే ముందు మిశ్రమాన్ని నొక్కడం, అంటే మెకానిక్కులు చెప్పే కాంప్రెషన్, అందులోని కిటుకు. పొలం దగ్గర పాత డీజిల్ ఇంజను హ్యాండిల్ తిప్పినవాళ్లకి ఇది చేతులతోనే తెలుసు. లీవరు పైకెత్తి ఉంచితే హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది, వేగం అందాక లీవరు వదిలితే ఒక్కసారిగా భుజం పట్టేసినంత బరువు తగులుతుంది. ఆ బరువే కాంప్రెషన్. ఓటో నొక్కింది డీజిలంత ఏమీ కాదు, మిశ్రమం రెండున్నర రెట్లకి కాస్త ఎక్కువగా కుదించుకునేది, అంతే. అయినా గ్యాసు ఖర్చు హెచ్.పి.కి గంటకి సుమారు ఒక ఘనపు మీటరుకి దిగింది. లెన్వార్‌తో పోలిస్తే మూడో వంతు. ‘నిశ్శబ్దపు ఓటో’ అని పేరుకూడా వచ్చింది. నిశ్శబ్దమంటే పాత దాంతో పోలిస్తేనే లెండి.

ఓటో ఇంజన్లో నాకు ముచ్చటగా అనిపించేది మంట పెట్టే తీరు. స్పార్క్‌ప్లగ్గు లేదు. సిలిండర్ వెనక తలకి ఆనుకుని ఒక ఇనుప పలక అటూ ఇటూ జారుతూ ఉంటుంది. దాని బయట చిన్న గ్యాసు దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. పలకలో ఒక గుంట. ఆ గుంటలోకి కాస్త గ్యాసు వస్తుంది, బయటి దీపం ముందు నుంచి పోయేటప్పుడు అది అంటుకుంటుంది. పలక జరిగి, వెలిగే ఆ గుంటని బయటి నుంచి మూసేసి సిలిండర్ వైపు మోసుకుపోతుంది. చేతిలో దీపం పట్టుకుని ఒక గది నుంచి ఇంకో గదికి పోయినట్టే. కాకపోతే లోపల నొక్కిపెట్టిన మిశ్రమం ఉంది కదా, తలుపు తీస్తే ఒక్క ఊదుకి దీపం ఆరిపోతుంది. అందుకని ముందుగా సన్నని రంధ్రంలోంచి లోపలి ఒత్తిడిని గుంటలోకి కొద్దికొద్దిగా వదిలి రెండు వైపులా సమం చేస్తారు. ఆ తర్వాతే తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది, లోపలిది భగ్గుమంటుంది. పలక అరిగితే ఒత్తిడి కారిపోతుంది, నూనె ఆరితే పట్టేస్తుంది. దాన్ని రుద్ది చదును చేయడం ఆ ఇంజన్లున్న ప్రతి షెడ్డులోనూ తప్పని చాకిరీ.

రెండు చుట్లకోసారి చేస్తే సరిపోయే ఈ పనిని క్లార్క్ ఇంజను ప్రతి చుట్టుకీ చేయాలి. మొదటి తలనొప్పి ఇక్కడే. మంటకి దొరికే సమయం సగం.

ఇప్పుడు ఆ రెండో సిలిండర్ దగ్గరికి వద్దాం. క్లార్క్ ఇంజన్లో రెండు సిలిండర్లు పక్కపక్కన పడుకోబెట్టి ఉంటాయి. చూస్తే కవలలు అనిపిస్తాయి గానీ పని చేసేది ఒక్కటే. రెండోది గ్యాసునీ గాలినీ పీల్చుకుని, పక్కదానికి అందించే పంపు మాత్రమే. దాన్ని కంప్రెసర్ అనుకుంటే పొరపాటు. అది మిశ్రమాన్ని పెద్దగా నొక్కదు, బయటి గాలి ఒత్తిడికంటే కాస్త ఎక్కువతో నెడుతుంది, అంతే. నొక్కే పని, కాల్చే పని, రెండూ మొదటి సిలిండర్‌లోనే.

పంపు పిస్టన్ పనిచేసే పిస్టన్ కంటే సుమారు పావు చుట్టు ముందుంటుంది. ఎందుకో చూడండి. పనిచేసే పిస్టన్ తోపు అయిపోయి చివరికొచ్చేసరికి, అక్కడ గోడలో ఉన్న రంధ్రాలు తెరుచుకుంటాయి. కాలిన గ్యాసు వాటిలోంచి బయటికి దూకుతుంది, లోపలి ఒత్తిడి పడిపోతుంది. సరిగ్గా అప్పటికి పంపు పిస్టన్ తిరుగు దారిలో సగానికి వచ్చి గట్టిగా నెడుతూ ఉంటుంది. సిలిండర్ రెండో కొసన ఉన్న వాల్వు తనంతట తానే తెరుచుకుని కొత్త మిశ్రమం లోపలికి వస్తుంది. ఆ కొసని క్లార్క్ గరాటులా సన్నగా మొదలై వెడల్పయ్యేట్టు చేశాడు. కొత్తది సుడులు తిరగకుండా, పాతదానితో కలిసిపోకుండా, దాన్ని ముందుకి తోసుకుంటూ పోవాలని ఆయన ఆలోచన. పిస్టన్ వెనక్కి వస్తూ రంధ్రాలు మూసేస్తుంది, మిగిలినదాన్ని నొక్కుతుంది, మంట, తోపు. ఒక్క చుట్టులో అన్నీ అయిపోయాయి.

ఒక కొసన కొత్తది రావడం, రెండో కొసన పాతది పోవడం. ఇంత శుభ్రమైన ఆలోచన అప్పటి గ్యాసు ఇంజన్లలో ఇంకొకటి నాకు కనబడదు. ఓటో ఇంజన్లో పిస్టన్ వెనకున్న ఖాళీలో కాలిన గ్యాసు ఎప్పుడూ మిగిలిపోయేది, అదీ తక్కువేం కాదు. పైగా ఆ మిగులు మెత్తగా పనిచేసి పేలుడు దెబ్బని తగ్గిస్తుందని ఓటో నమ్మకం. ఈ వాదనని క్లార్క్ ఒప్పుకోలేదు. లాభం కాంప్రెషన్ వల్లే తప్ప మిగిలిపోయిన మసి గ్యాసు వల్ల కాదన్నాడు. ఆయన మాటే నిజమైంది.

మరి ఆలోచన ఇంత బాగుంటే ఎక్కడ చెడింది? ఆ గరాటు దగ్గరే. బొమ్మ గీస్తే కొత్త మిశ్రమం పాతదాన్ని వరసగా తోసుకుపోతుంది. నిజంగా తిరిగే ఇంజన్లో గ్యాసు మన మాట వినదు. పాతదంతా పోవాలని కాస్త ఎక్కువ పంపామా, కొత్త గ్యాసు కూడా రంధ్రాల్లోంచి కాలకుండానే పొగగొట్టంలోకి పోతుంది. డబ్బు పెట్టి కొన్న గ్యాసు. పోనివ్వకూడదని తక్కువ పంపామా, పాతది లోపలే ఉండిపోతుంది. ఓటో ఇంజను ఇందుకే ఒక స్ట్రోకు మొత్తం ఖర్చు పెట్టి పొగని గెంటేస్తుంది, ఆ తర్వాతే పీల్చుకోవడం మొదలుపెడుతుంది. తీరిగ్గా ఒక్కొక్క పని. ‘దండగ’ అనుకున్న ఆ మూడు స్ట్రోకుల్లో ఒకటి నిజానికి గ్యాసు బిల్లుకి కాపలా.

రెండో సంగతి రాపిడి. పంపు సిలిండర్‌కి పిస్టన్ ఉంది, రింగులున్నాయి, రాడ్డుంది, బేరింగుంది. వీటన్నిటినీ తిప్పడానికి శక్తి ఇవ్వాల్సింది పనిచేసే సిలిండరే. అందుకే ఫైరింగులు రెట్టింపయ్యాయి కదా అని శక్తి రెట్టింపు కాదు. కొనేవాడికి ఇంకో కోణం కూడా ఉంది. సిలిండర్లు రెండు, అరిగేవి రెండు, నూనె పొయ్యాల్సినవి రెండు. ఫ్లైవీలు కాస్త తేలికదైతే సరిపోతుందన్న లాభం ఒక్కటే కంటికి కనబడేది.

అలాగని క్లార్క్ ఇంజన్ని తీసిపారేయడం అన్యాయం. నడక సాఫీగా ఉంటుంది, అందులో అనుమానం లేదు. ఓటో ఇంజన్లో వేగాన్ని అదుపుచేసేది ‘తప్పించే’ పద్ధతి. లోడు తగ్గితే గవర్నరు (వేగాన్ని అదుపుచేసే పరికరం) గ్యాసు వాల్వుని తెరవనివ్వదు, ఆ వంతు ఫైరింగ్ ఎగిరిపోతుంది. అసలే రెండు చుట్లకోసారి వచ్చే తోపు, అప్పుడు నాలుగు చుట్లకో ఆరు చుట్లకో ఒకసారి వస్తుంది. నీళ్లు తోడే పంపుకి దీంతో నష్టం లేదు. రంపానికీ పర్లేదు. అదే డైనమోకి తగిలించి దీపాలు వెలిగిస్తే, ప్రతి తోపుకీ వెలుగు ఊగుతుంది. ఆ రోజుల్లో కరెంటు దీపాలు అప్పుడప్పుడే వస్తున్నాయి, కాబట్టి ఈ బెడద చిన్నదేమీ కాదు.

దీనికి ఓటో పక్షం వాళ్ల దగ్గర ఇంకో మందు ఉంది, అది ఈ పోటీలో మూడో అభ్యర్థి. ఒక పంపు సిలిండర్ పెట్టే బదులు రెండూ పనిచేసే సిలిండర్లే పెట్టడం. ఒకటి ఈ చుట్టులో పేలితే ఇంకోటి తర్వాతి చుట్టులో పేలుతుంది. క్లార్క్‌కి లాగే చుట్టుకొక తోపు, పైగా రెండో సిలిండర్ ఊరికే కూర్చోదు, సంపాదిస్తుంది. వాల్వులూ పలకలూ రెట్టింపు కాబట్టి ఖరీదు ఎక్కువ. అయినా రెండు సిలిండర్లకి డబ్బు పెట్టేటప్పుడు ఏది కొంటావని నన్నడిగితే, ఆలోచించకుండా జంట ఓటో అంటాను.

ఇంత జరిగినా క్లార్క్ ఇంజన్లు గ్లాస్గోలో స్టెర్న్ కంపెనీ చేసి అమ్మింది, కొన్నవాళ్లూ ఉన్నారు. దీనికి ఇంజన్తో సంబంధం లేని కారణం ఒకటుంది. ఫోర్‌స్ట్రోక్ పేటెంటు ఓటో చేతిలో ఉంది. బ్రిటన్లో ఆ ఇంజను చేసే హక్కు మాంచెస్టర్ క్రాస్లీ సోదరులది. మిగతావాళ్లు గ్యాసు ఇంజను వ్యాపారంలోకి రావాలంటే నాలుగు స్ట్రోకులు కాని దారి వెతుక్కోవాల్సిందే. క్లార్క్ పద్ధతి అలాంటివాళ్లకి అందుబాటులోకి వచ్చిన దొడ్డిదారి. జర్మనీలో 1886లో ఓటో పేటెంటు కొట్టేశారు. నాలుగు స్ట్రోకుల సూత్రాన్ని 1862లోనే బో ద రోషా అనే ఫ్రెంచివాడు కాగితం మీద పెట్టేశాడని తేలింది, ఆయన ఒక్క ఇంజన్నీ చేయకపోయినా సరే. బ్రిటన్లో 1890లో దాని గడువు తీరింది. ఇక అందరూ ఫోర్‌స్ట్రోకే చేయడం మొదలుపెట్టారు. మార్కెట్ తీర్పు కావాలంటే ఇంతకంటే సూటిగా ఇంకోటి దొరకదు. అడ్డు తొలగగానే అందరూ అటే నడిచారు.

ఇక్కడ ఒక అపోహ సంగతి చెప్పాలి. చుట్టుకొక తోపు వచ్చే క్లార్క్ పద్ధతి టూస్ట్రోక్. టూస్ట్రోక్ అనగానే మనకి గుర్తొచ్చేది ఆర్‌ఎక్స్ 100, పాత స్కూటర్లు, పెట్రోల్లో నూనె కలపడం, వెనకాల నీలం పొగ. ఆ పాపం క్లార్క్‌ది కాదు. ఆయన పంపు సిలిండర్ విడిగా ఉంది, గ్యాసు క్రాంకు (పిస్టన్ కదలికని చక్రపు తిరుగుడుగా మార్చే వంకర ఇరుసు) ఉన్న పెట్టెలోకి పోనే పోదు. ఆ పంపు సిలిండర్ ఖర్చు మిగల్చాలని, క్రాంకు పెట్టెనే పంపుగా వాడుకునే పద్ధతి 1890 ప్రాంతంలో ఇంగ్లండులోని బాత్ ఊరివాడు జోసెఫ్ డే తెచ్చాడు. మన స్కూటర్లు డే వారసులు. ఇంధనం క్రాంకు పెట్టెలోంచి పోతుంది కాబట్టే అందులో నూనె కలపాల్సి వచ్చింది. రెండో సిలిండర్ని తీసేసినందుకు కట్టిన జరిమానా అది.

సరే, 1885లో గ్లాస్గోలో ఒక చిన్న అచ్చుప్రెస్సు పెట్టుకున్నవాడికి ఏది కొనమని చెప్పాలి? ఒక సిలిండర్ ఓటో. మరమ్మతు తెలిసిన మనిషి దొరుకుతాడు, అచ్చుయంత్రం కాస్త ఊగినా అక్షరాలు చెదరవు, నెలాఖరున గ్యాసు బిల్లు చూసి టెన్షన్ పడక్కర్లేదు. దీపాలు వెలిగించుకోవాలంటే, డబ్బుంటే జంట ఓటో. డబ్బు తక్కువై, వెలుగు ఊగకుండా ఉంటే చాలనుకున్నవాడికే క్లార్క్. అంటే నూటికి తొంభై మందికి క్లార్క్ ఇంజను వద్దనే చెబుతున్నాను, దాన్ని ఎంత మెచ్చుకున్నా సరే.

అయితే ఇంజను పెద్దదయ్యేకొద్దీ ఈ లెక్క తిరగబడుతుంది. 1900 ప్రాంతంలో ఉక్కు కర్మాగారాల కొలిముల నుంచి వృథాగా పోయే గ్యాసుతో నడిచే భారీ ఇంజన్లు వచ్చాయి. వాటిలో జర్మనీ కోర్టింగ్ కంపెనీది క్లార్క్ పద్ధతే, ఒక్క సవరణతో. గాలికొక పంపు, గ్యాసుకొక పంపు విడివిడిగా పెట్టారు. ముందు ఉత్త గాలి వెళ్లి పొగని ఊడ్చేస్తుంది, ఆ తర్వాతే గ్యాసు కలుస్తుంది. బయటికి పారిపోతే గాలే పారిపోవాలి. తర్వాత ఓడల్లోకి వచ్చిన పెద్ద టూస్ట్రోక్ డీజిళ్లకి ఈ బాధ కూడా లేదు. అక్కడ లోపలికి వచ్చేది గాలి మాత్రమే, దారులన్నీ మూసుకున్నాకే ఇంధనం చిమ్ముతారు. ఇప్పటి వాటిలో గాలి ఒక కొసన వస్తుంది, పొగ రెండో కొసన పోతుంది. క్లార్క్ గరాటు పెట్టి చేద్దామనుకున్నది అదే, దిశ మాత్రం తారుమారు.