ఒకే పెద్ద కొండా, వరస మిట్టలా: రోడ్డు సైకిల్‌కి ఏ దారి మేలు?

రోడ్డు సైకిల్ మీద కొండ పల్లెలు తిరగాలని మ్యాప్ తెరిచినవాళ్లు మొదట చూసేవి రెండే అంకెలు: మొత్తం దూరం, మొత్తం ఎక్కుడు. రెండు దారులకూ 100 కిలోమీటర్లు, 1500 మీటర్ల ఎక్కుడు అని ఉంటే రెండూ ఒకటే అనుకుంటారు. ఒకటి కావు. ఆ 1500 మీటర్లు ఒకటి రెండు పెద్ద కొండల మీద ఉన్నాయా, పొలాల మధ్య పాతిక ముప్పై మిట్టల్లో చెదిరి ఉన్నాయా అన్నదాన్ని బట్టి రోజంతా మారిపోతుంది. ఎత్తుపల్లాలకు కొత్తవాళ్లు అడిగితే నేను ముందు పెద్ద కొండకే వెళ్లమంటాను. చాలామంది ఇందుకు ఉల్టాగా, ముందు మిట్టలతో అలవాటు పడు, కొండ సంగతి తర్వాత చూద్దువు అంటారు. అది ఎందుకు సరికాదంటానో చెబుతాను.

కనుమ దాటించే పెద్ద రోడ్లు బస్సులూ లారీలూ ఎక్కాలని వేసినవి. అందుకే వాలు మరీ పెరగకుండా కొండను మలుపులుగా చుట్టి తీసుకెళ్తారు. చాలా దూరం 5, 6, 7 శాతంలోనే, అంటే వంద మీటర్లు పోతే ఐదారేడు మీటర్లు ఎక్కేలా నడుస్తాయి. పల్లె దారులు అలా కాదు. నడిచేవాళ్లు, బళ్లు తోలేవాళ్లు పడేసిన బాట మీదే తర్వాత తారు పోశారు. ఎదురుగా మిట్ట ఉంటే చుట్టూ తిరగకుండా నెత్తి మీదుగానే పోతాయి. అక్కడ 12, 15 శాతం వాలు వింతేమీ కాదు, కాకపోతే మూడు నాలుగు వందల మీటర్లలో అయిపోతుంది. అంత చిన్నదే కదా అనిపించేది అందుకే.

కాళ్ల లెక్క వేరు. మనిషి 75 కిలోలు, సైకిలూ సామానూ 10 కిలోలు అనుకుందాం. 5 శాతం వాలు మీద గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి సుమారు 130 వాట్ల శక్తి చాలు. ఓ మాదిరి అలవాటున్నవాళ్లు ఎవరైనా మాట్లాడుకుంటూ తొక్కగలిగేంతే అది. అదే మనిషి 15 శాతం గోడ ముందుకొచ్చాడు. చైను తిరిగే ముందు చక్రానికి 34 పళ్లు, వెనక చక్రానికి 34 పళ్లు, అంటే ఉన్నవాటిలో తేలికైన గేరు. నిమిషానికి 60 తిప్పులకు తగ్గకూడదంటే వేగం గంటకు ఏడున్నర కిలోమీటర్లు ఉండాలి, దానికి దాదాపు 270 వాట్లు కావాలి. వెనక 28 పళ్లే ఉంటే 320 దాటుతుంది. అంతకంటే నెమ్మదిగా తొక్కుదామంటే పెడల్ ఆగిపోతుంది, సైకిల్ పక్కకు ఒరుగుతుంది. పెద్ద కొండ మీద ఎంత కష్టపడాలో మీరు నిర్ణయించుకుంటారు. నిటారు మిట్ట మీద ఆ మాట మీ గేరు చెబుతుంది. కొత్తవాళ్లకు పెద్ద కొండ మేలనడానికి నా అసలు కారణం ఇదే.

ఇక ఒక్క మిట్ట ఎలాగో గట్టెక్కినా, వెనకే ఇంకొకటి ఉంటుంది. ఆయాసం తీరేలోపు దిగుడు అయిపోతుంది. ఇలా ఎగసిపడుతూ తొక్కితే సగటు శక్తి తక్కువే కనిపిస్తుంది గానీ ఒంటికి తగిలే దెబ్బ ఎక్కువ. తొక్కే శక్తిని వాట్లలో కొలిచే పవర్ మీటర్లు సగటుతో పాటు నార్మలైజ్డ్ పవర్ అని ఇంకో అంకె చూపించేది ఇందుకే. ఎగసిన క్షణాలకు అది ఎక్కువ బరువిచ్చి లెక్కగడుతుంది. మిట్టల దారిలో ఈ రెండు అంకెల మధ్య ఎడం పెరుగుతుంది, నిలకడగా ఎక్కిన కొండ మీద రెండూ దాదాపు కలిసిపోతాయి.

పోటీల్లోనూ ఈ తేడా కళ్లకు కడుతుంది. ఫ్రాన్స్‌లోని ఆల్ప్ ద్యుయెజ్ 13.8 కిలోమీటర్ల ఎక్కుడు, సగటు వాలు 8 శాతం పైచిలుకు, వెనక్కి తిరిగినట్టుండే 21 హెయిర్‌పిన్ మలుపులు. మలుపు దగ్గర వాలు కాస్త తగ్గుతుంది, అక్కడ రెండు మూడు ఊపిరులు పీల్చుకోవచ్చు. మలుపులకు 21 నుంచి 1 దాకా వెనక్కి అంకెలు వేసి ఉంటాయి కాబట్టి ఇంకెంత ఉందో ప్రతిసారీ తెలుస్తుంది. బెల్జియంలోని మ్యూర్ ద్యుయీ 1.3 కిలోమీటర్లే, సగటు 9.6 శాతం. మధ్యలో ఓ వంపు దగ్గర 20 శాతం దాటుతుంది. సగటులు చూస్తే పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, ఆ వంపు లోపలి అంచు మీద తొక్కేవాళ్ల భుజాలు చూస్తే తేడా తెలుస్తుంది. అదే ఆర్డెన్ ప్రాంతంలో, 1892లో మొదలైన లియేజ్-బాస్తోన్-లియేజ్ పందెంలో అసలు పెద్ద కొండే లేదు. మిట్టలు పోగై 4000 మీటర్లు దాటుతాయి. అంత పెద్ద ఆటగాళ్లు అక్కడ అలిసిపోయేది ఒక్క ఎక్కుడు వల్ల కాదు, లెక్క తప్పేన్ని ఎక్కుళ్ల వల్ల.

అలాగని మిట్టల దారిని తీసిపారేయడం లేదు. నిజానికి వారం వారం తొక్కడానికి నాకు అదే ఇష్టం. అయితే మిట్టల్లో రెండు రకాలున్నాయి, ఎవరూ విడదీసి చెప్పరు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పల్లంలోకి దిగితే, గాలి అడ్డు లేదనుకుంటే, ఆ ఊపే దాదాపు పది మీటర్ల ఎత్తు ఎక్కించేస్తుంది. గాలికి పోయింది పోగా ఆరేడు మీటర్లు ఉచితం. అంటే ఐదు, పది మీటర్ల అలల్లాంటి నేల మీద, ఊపు పోకముందే తొక్కడం అందుకుంటే చాలు, అవతలి వైపు తేలిపోతాం. పల్లం అడుగున పెద్ద గేరులోనే ఉండి, మిట్ట మొదలై పెడల్ కాలికి బరువు తగిలిన ఆ క్షణంలో వెనక ఒకటి మార్చి, రెండు తిప్పుల తర్వాత ఇంకొకటి మార్చాలి. ముందే మార్చేస్తే కాళ్లు గాల్లో తిరిగి ఊపు వృథా. ఆలస్యమైతే చైను కరకరలాడుతూ బరువు మీద ఎక్కుతుంది. ఆ సమయం కుదిరిన రోజు సైకిల్ తొక్కడంలో అంతకు మించిన సంతోషం నాకు తెలియదు. కానీ మిట్ట ముప్పై, నలభై మీటర్లదైతే ఊపు సగంలోనే చస్తుంది, మిగతాదంతా గోడే. మ్యాప్‌లో రెండు రకాలూ ఒకేలా రంపపు పళ్లలా కనిపిస్తాయి. నిలువు కొలత చూసుకోకుండా బయల్దేరకండి.

మిట్టల దారికి ఇంకో మేలుంది. ఎక్కడైనా కాళ్లు మొరాయిస్తే పక్క దారి పట్టి వెనక్కి వచ్చేయవచ్చు. కొండ మీద సగంలో ఆగితే వచ్చిన దారే గతి, అయినా అది దిగుడే కాబట్టి నేను దాన్ని పెద్ద లోపం అనను. తినడం మాత్రం కొండ మీదే సులువు. నిలకడగా ఎక్కుతూ ఓ చెయ్యి జేబులోకి పోనివ్వచ్చు. మిట్టల్లో రెండు చేతులకూ ఎప్పుడూ పనే, తినడం వాయిదా పడి మూడో గంటలో నీరసం వస్తుంది.

దిగుడు దగ్గరకొచ్చేసరికి తరాజు తిరగబడుతుంది. పెద్ద కొండ దిగడం వేరే విద్య. 85 కిలోల బరువు 500 మీటర్లు దిగితే వెలువడే శక్తి లీటరు చన్నీళ్లు మరగడానికి సరిపోయి ఇంకా మిగులుతుంది. కొంత గాలి తీసుకుంటుంది, తక్కింది బ్రేకులకు వేడిగా పోతుంది. భయంతో బ్రేకు అదేపనిగా నొక్కి పట్టుకుని దిగేవాళ్లకే రిమ్ములు ఎక్కువ కాలతాయి, ఎందుకంటే నెమ్మదిగా పోతే గాలి తీసుకునే వాటా తగ్గుతుంది. తిన్నగా ఉన్నచోట వదిలి, మలుపుకు ముందే రెండు బ్రేకులూ గట్టిగా వేసి, మలుపులో వదిలేయాలి. చలి సంగతీ మరవద్దు. ప్రతి వెయ్యి మీటర్లకూ ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఎక్కేటప్పుడు చెమటతో తడిసిన ఒంటికి దిగేటప్పుడు ఎదురుగాలి కొడితే వేళ్లు బిగుసుకుపోయి బ్రేకు అందదు. గాలి ఆపే పల్చటి కోటు ఒకటి జేబులో ఉండి తీరాలి. మిట్టల దారిలో ఈ గొడవలు లేవు. అక్కడ భయపడాల్సింది మిట్ట అవతల కనిపించని ట్రాక్టరుకు, పొలంలోంచి రోడ్డెక్కిన మట్టికి, మలుపు లోపల చేరిన కంకరకు.

ఏటి వెంబడి లోయ దారి అని మూడోది చెబుతారు. ఎక్కుడు తక్కువ, నిజమే. కానీ వాహనాలన్నీ అక్కడే, గాలీ లోయ పొడుగునా అక్కడే. కొండల ప్రాంతానికి వచ్చి నేను దాన్ని కొండకు చేరడానికే వాడతాను.

మ్యాప్‌లో ఎక్కుడు అంకెనూ పూర్తిగా నమ్మకండి. దారులు చూపించే యాప్‌లలో ఒకే దారికి స్ట్రావా ఒకటి చెబితే కొమూట్ ఇంకొకటి చెబుతుంది, ఎత్తుల సమాచారంలోని చిన్న చిన్న హెచ్చుతగ్గులను ఎంత నునుపు చేస్తారన్నది ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. లోయ అంచు వెంట పోయే రోడ్డుకైతే పక్కనున్న కొండ ఎత్తు కూడా కలిసిపోయి లేని ఎక్కుడు చూపిస్తుంది. వంతెనలు, సొరంగాల దగ్గరా అంతే. సగటు వాలు కూడా మోసమే, మధ్యలో ఓ కిలోమీటరు దిగుడు ఉంటే 9 శాతం కొండ 6గా కనిపిస్తుంది. కిలోమీటరుకు కిలోమీటరు విడదీసి చూడండి.

సగటు వేగం మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. పది కిలోమీటర్లు గంటకు 15 వేగంతో ఎక్కి, అదే పది 45తో దిగితే సగటు 30 కాదు, 22.5. చీకటి పడేలోపు ఇల్లు చేరాలంటే ఈ లెక్కతోనే బయల్దేరాలి.

ఇన్నీ చూసుకున్నాక కొండ చుట్టూ వలయం కుదిరితే, ఎటు వైపు నుంచి తిరగాలన్నది మిగులుతుంది. అనుభవం ఉండి, తేలికైన గేర్లు ఉన్నవాళ్లు నిటారు వైపు ఎక్కి, వాలు తక్కువగా ఉన్న వైపు దిగడం మంచిది. ఎక్కేటప్పుడు మహా అయితే దిగి నడుస్తాం. తెలియని నిటారు దిగుడులో బ్రేకులు వేడెక్కితే అలా కుదరదు. మొదటిసారి వెళ్లేవాళ్లు మాత్రం వలయం జోలికి పోకుండా, మెత్తని వైపే ఎక్కి, మలుపులూ కంకరా ఎక్కడున్నాయో చూసుకుంటూ పోయి, ఆ దారినే దిగండి.