లైటు ఆర్పే ముందు ఆ పేజీ చూడండి: పాత పికప్‌లో నా బ్లూటూత్ స్కానర్

బండి సాకెట్‌కి తగిలిస్తే, ఇంజిన్ కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్‌లు ఫోన్ యాప్‌లో చూపించే అడాప్టర్ ఇది. ఈ చిన్న స్కానర్‌లో నాకు ప్రాణంగా నచ్చింది ఒక్కటే, ఫ్రీజ్ ఫ్రేమ్. కోడ్ చదవడం, చెక్ ఇంజిన్ లైటు ఆర్పడం ఏ స్కానరైనా చేస్తుంది. లైటు వెలిగిన క్షణంలో బండి ఎంత వేగంలో ఉంది, ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎం తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది అని బండి కంప్యూటర్ దాచిపెట్టుకున్న లెక్క ఆ పేజీలో కనబడుతుంది. అది చూడకుండా కోడ్ చెరిపేస్తే, కోడ్‌తో పాటే ఆ లెక్కా పోతుంది. మా బండికి చాలాకాలం జరిగింది అదే. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

బండి 2017 మోడల్ డీజిల్ పికప్, బీఎస్-4. కాళ్ల, మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల పట్టుబడులు ఉంటే చెరువు దగ్గర ఐస్ దింపి, రొయ్యల ట్రేలు ఎక్కించుకుని భీమవరం వస్తాం. చెక్ ఇంజిన్ లైటు వెలిగేది, కొన్నాళ్లు బాగుంటే దానంతటదే ఆరేది, మళ్లీ వెలిగేది. కోడ్ ఎప్పుడూ ఒకటే, పీ0118. అంటే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు) టెంపరేచర్ సర్క్యూట్ హై. మెకానిక్ ఆ 'హై' చూసి "ఇంజిన్ వేడెక్కిపోతందండీ" అని ముందు థెర్మోస్టాట్ మార్చాడు, తర్వాత సెన్సార్ మార్చాడు. మార్చిన ప్రతిసారీ తన మిషన్‌తో లైటు ఆర్పి పంపేవాడు. అక్కడ హై అన్నది వోల్టేజీ గురించి, వేడి గురించి కాదు. ఈ సెన్సార్‌లో వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. వైరు ఎక్కడైనా తెగితే రెసిస్టెన్స్ అంతులేకుండా పెరిగినట్టే కాబట్టి, వోల్టేజీ హై అయి, ఇంజిన్ గడ్డకట్టిపోయిందని కంప్యూటర్ అనుకుంటుంది.

స్కానర్ కొన్నాక లైటు వెలిగితే చెరపకుండా ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచాను. వేగం గంటకు పది కిలోమీటర్ల దరిదాపు, ఇంజిన్ ఐడిల్‌కి కొంచెం పైన. తర్వాత వెలిగినప్పుడూ ఇంచుమించు అవే అంకెలు. తారు రోడ్డు మీద, లోడుతో స్పీడుగా వస్తున్నప్పుడు ఒక్కసారీ లేదు. గట్టు మీద గుంటల్లో ఊగుతూ వెళ్లేటప్పుడే వస్తోంది. పాడైన సెన్సార్‌కి గట్టూ రోడ్డూ తేడా తెలియదు. కదిలే వైరుకే తెలుస్తుంది.

ఒక మధ్యాహ్నం, మంచి రోహిణీ కార్తె ఎండలో, ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి యాప్‌లో కూలెంట్ టెంపరేచర్ గ్రాఫ్ ఒక్కటే తెరిచాను. నాలుగైదు రీడింగులు కలిపి పెడితే ఇలాంటి చవక అడాప్టర్లు నిదానిస్తాయి, అంకె మారేలోపు వైరు మళ్లీ కలిసిపోతుంది. ఫోన్ మా కుర్రాడి చేతికిచ్చి నేను బోనెట్ కిందకి వంగాను. సెన్సార్ కప్లర్ కదిపితే ఏమీ లేదు, 86 డిగ్రీల దగ్గరే నిలకడగా ఉంది. వైరింగ్ పట్టుకుని జానెడు జానెడు వెనక్కి నొక్కుతూ వెళ్లాను. బ్యాటరీ పక్కన ఇనప బ్రాకెట్ మీద వైరు వంగేచోట నొక్కగానే కుర్రాడు అరిచాడు: "బాబాయ్, మైనస్ నలభై చూపిస్తంది!" వదిలితే 86, నొక్కితే మైనస్ 40. వైరు తెగిందని ఇంతకంటే సూటిగా ఏ సెన్సారూ చెప్పలేదు. ఆ సంతోషం నాకింకా తగ్గలేదు.

టేపు విప్పితే రెండు వైర్లలో ఒకదాని తొడుగు బ్రాకెట్‌కి రాసుకుని అరిగిపోయింది. లోపల రాగికి పచ్చటి చిలుము పట్టి, రెండు మూడు పోగులే మిగిలాయి. ఉప్పునీటి చెరువుల మధ్య తిరిగే బండికి ఇది మామూలే. మెరిసే రాగి కనబడేదాకా కత్తిరించి, కొత్త ముక్క కలిపి సోల్డర్ పెట్టించి, పైన స్లీవ్ వేయించి, బ్రాకెట్‌కి తగలకుండా క్లిప్పుతో ఎత్తి కట్టించాను. ఆ కోడ్ మళ్లీ రాలేదు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వచ్చే పొగ కూడా తగ్గింది.

అప్పట్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కొనమని చెప్పాను. ఇప్పుడు కొంచెం ఆగి చెబుతున్నాను. తర్వాతి వర్షాకాలంలో ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) తక్కువగా పారుతోందని పీ0401 వచ్చింది. వాల్వులో మసి పేరుకుందా, పైపు మూసుకుందా, సెన్సారే తప్పు చెబుతోందా అన్నది ఫ్రీజ్ ఫ్రేమ్‌తో తేలలేదు. వాల్వుని తెరిచి మూసి చూసే పని నా స్కానర్ చేయదు, ఆ సదుపాయం ఉన్న పెద్ద మిషన్ దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. పీ1 తో మొదలయ్యే కోడ్‌లు కంపెనీలు సొంతంగా పెట్టుకునేవి కాబట్టి, యాప్ చెప్పే అర్థం మన బండికి సరిపోతుందన్న నమ్మకం లేదు. బండి వారం పాటు కదలకపోతే అడాప్టర్ పీకేయాలి, బ్యాటరీ తాగుతుంది. నాది 12 వోల్టులది, లారీవాళ్లకి నేను చెప్పను.

నేను రాత్రిళ్లు ఊరికి దూరంగా గట్ల మీద ఉంటాను, బండిలో ఐస్ కరుగుతుంటుంది, ఆ టైములో లైటు వెలిగితే బండి ఆపాలా పోవాలా అన్న టెన్షన్ తగ్గితే చాలు నాకు. అందుకు డబ్బులు గిట్టుబాటయ్యాయి. భీమవరంలోనే ఉంటూ, ఓపిగ్గా వైరింగ్ వెతికే ఎలక్ట్రీషియన్ అందుబాటులో ఉన్నవాళ్లకి ఇది అంత అవసరం కాకపోవచ్చు. వాళ్లు కూడా లైటు ఆర్పించే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ చూపించమని అడిగి, ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి.