కోల్ట్ ఆర్టిలరీ రివాల్వర్: నంబర్లు కలవకపోయినా అసలుదే

అమెరికాలో పాత ఆయుధాల వేలంలో కోల్ట్ కంపెనీ పాత సైనిక రివాల్వర్ 'సింగిల్ యాక్షన్ ఆర్మీ' వస్తే అందరి చూపూ ఏడున్నర అంగుళాల బ్యారెల్ ఉన్న కావల్రీ (అశ్వదళ) మోడల్ మీదే. ఐదున్నర అంగుళాల ఆర్టిలరీ (ఫిరంగిదళ) మోడల్‌ని మాత్రం "భాగాల మీది సీరియల్ నంబర్లు కలవడం లేదు" అని చాలామంది పక్కన పెట్టేస్తారు. అది అన్యాయం. సైన్యంలో నిజంగా వాడిన .45 అంగుళాల క్యాలిబర్ రివాల్వర్ కావాలి, కావల్రీ ధర పెట్టలేం అనుకునేవారికి దీనికి మించింది లేదు.

అమెరికా సైన్యం 1873 నుంచి 1891 దాకా కొన్న రివాల్వర్లను 1890ల మధ్య నుంచి 1903 దాకా ప్రభుత్వ ఆయుధ కర్మాగారం స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో, కోల్ట్ ఫ్యాక్టరీలో విప్పి, బ్యారెల్ రెండంగుళాలు కోసి, మళ్లీ బిగించారు. అలా వచ్చిందే ఆర్టిలరీ మోడల్. ఏ ఫ్రేముకి ఏ ట్రిగ్గర్ గార్డు పడిందో పట్టించుకోలేదు. అందుకే ఫ్రేము, గార్డు, పిడి వెనక పట్టీ మీద మూడు వేర్వేరు నంబర్లు ఉండటం ఇక్కడ మామూలే. అన్నీ కలిసిన ఆర్టిలరీ కనిపిస్తేనే ఆగి చూడాలి. అది అరుదైన తొలి బ్యాచ్‌దైనా కావచ్చు, ఈమధ్య ఎవరో కావల్రీని కోసి తయారుచేసిందైనా కావచ్చు.

ముందు బ్యారెల్ చూడండి. మూతి వైపే కోశారు కాబట్టి పైనున్న కంపెనీ పేరు మధ్యలో కాకుండా మూతికి దగ్గరగా ఉండాలి. సరిగ్గా మధ్యలో ఉంటే అది పౌరులకు అమ్మిన బ్యారెల్ అని అనుమానించాలి.

తర్వాత ఫ్రేము ఎడమవైపు "యు.ఎస్." ముద్రని పది రెట్ల భూతద్దంతో చూడండి. ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. చుట్టూ లోహం అరిగి, పేటెంట్ తేదీలు మసకబారి, ఈ రెండక్షరాలు మాత్రం పదునుగా ఉంటే ముద్ర తర్వాత కొట్టిందే. స్క్రూ రంధ్రాల అంచులు పళ్లెంలా గుంటపడితే పాలిష్ చక్రం మీద పెట్టారన్నమాట. ఆర్మరీ వేసిన రంగు లోపం కాదు. ఆ తర్వాత ఎవరో చేసిన పాలిష్ మాత్రం విలువని బాగా దించేస్తుంది. వాల్‌నట్ పిడి మీద సైన్యం తరఫు తనిఖీదారు రినాల్డో కార్ ముద్ర "ఆర్‌ఏసీ" చదవగలిగేలా ఉంటే కొంత ఎక్కువ ఇవ్వచ్చు. తొలినాళ్ల తనిఖీదారు ఐన్స్‌వర్త్ చూసిన ఫ్రేము దొరికితే ఇంకా ఎక్కువ.

కోల్ట్ ఆర్కైవ్ లేఖ (కంపెనీ పాత రికార్డులు చూసి ఇచ్చే పత్రం) తెప్పించుకోండి, ఫ్రేము నంబరుతోనే అడగండి. అందులో ఏడున్నర అంగుళాలని రాసి ఉంటే కంగారు పడకండి, ఫ్యాక్టరీ నుంచి మొదట వెళ్లింది అలాగే. చేతిలో ఉన్న మిగతా భాగాలు అసలువో కావో ఆ లేఖ చెప్పదు. లేఖ చూపించి ధర పెంచేవాళ్లతో జాగ్రత్త.

ఇవి నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కాలపు ఫ్రేములు, నేటి పొగరాని తుపాకీమందు తూటాలు వేయకూడదు. అమెరికా ఫెడరల్ చట్టం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవాటిని పురాతన ఆయుధాలుగా చూస్తుంది, రాష్ట్రాల నిబంధనలు వేరు. ఇండియాలో ఆ మినహాయింపు లేదు. పేలే స్థితిలో ఉన్నా, బాగుచేస్తే పేలేదైనా లైసెన్సు కావాల్సిందే.