నలభై వేల లోపు 55 అంగుళాల టీవీ: స్టిక్కర్లు పక్కన పెట్టి పానెల్ చూడండి

ముప్పై అయిదు, నలభై వేలలో 55 అంగుళాల స్మార్ట్ టీవీ ఏది తీసుకోవాలని ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒకటే, షోరూంలో కనిపించే బొమ్మను బట్టి కొనకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది కదా, 43 దగ్గర ఆగిపోయేవాళ్లు కూడా ఇప్పుడు 55 వైపు చూస్తున్నారు. మంచిదే. ఏడెనిమిది అడుగుల దూరంలో కూర్చునే హాలుకు ఆ సైజు చక్కగా సరిపోతుంది.

షోరూంలో ప్రతి టీవీనీ రంగులూ వెలుతురూ బాగా పెంచి చూపించే వివిడ్ మోడ్‌లో పెట్టి, రంగురంగుల చేపలూ పువ్వులూ తిరిగే డెమో వీడియో ఆడిస్తుంటారు. ఆ వీడియోలో ఏ టీవీ అయినా బాగానే కనిపిస్తుంది. రిమోట్ అడిగి తీసుకుని మోడ్‌ను సినిమాకి మార్చండి, యూట్యూబ్‌లో ఏదైనా రాత్రి సీను పెట్టించండి, పైన ట్యూబ్‌లైట్ల వెలుతురు తెర మీద పడకుండా చేయి అడ్డం పెట్టి చూడండి. ఆకాశం నల్లగా ఉందా, బూడిద రంగులో ఉందా? సినిమాకు పైనా కిందా వచ్చే నల్ల పట్టీలు నిజంగా నల్లగా ఉన్నాయా? తేడా అక్కడే తెలిసిపోతుంది. సేల్స్ అబ్బాయి కాస్త విసుక్కున్నా పట్టించుకోకండి, డబ్బు పెట్టేది మీరు.

పానెల్ అంటే బొమ్మ చూపించే తెర. ఈ ధరలో వచ్చేవి దాదాపు అన్నీ ఎల్‌సీడీ పానెళ్లే, వాటిలో ఐపీఎస్, వీఏ అని రెండు రకాలు. ఐపీఎస్‌లో కాంట్రాస్ట్, అంటే తెలుపు వెలుగుకీ నలుపు వెలుగుకీ ఉన్న తేడా, వెయ్యికి ఒకటి దగ్గర ఉంటుంది, వీఏలో మూడు వేలు, ఆపైన. అంటే లైట్లు ఆపేసి సినిమా చూసేవాళ్లకు వీఏనే మేలు, నలుపు నలుపులా వస్తుంది. కాకపోతే పక్క నుంచి చూస్తే దాని రంగులు కాస్త వెలిసిపోతాయి, కాబట్టి మీ హాల్లో సోఫాలు గోడ పొడవునా పక్కకు ఉండి, సగం మంది ఓరగా కూర్చుని చూసేట్టయితే ఐపీఎస్ ఆలోచించండి. మా ఇంట్లో అందరం ఎదురుగానే కూర్చుంటాం, వీఏ తీసుకున్నాం, రాత్రి పూట చూస్తుంటే చాలా సంతోషంగా ఉంది. ఒకే మోడల్ పేరుతో ఒక్కో సైజులో ఒక్కో పానెల్ వేస్తుంటారు, అందుకే 43 మీద రాసిన రివ్యూ చదివి 55 ఆర్డర్ పెట్టకండి.

డబ్బా మీద హెచ్‌డీఆర్, డాల్బీ విజన్, క్యూఎల్‌ఈడీ అని వరసగా స్టిక్కర్లు ఉంటాయి. హెచ్‌డీఆర్ అంటే వెలుగునీడల తేడా ఎక్కువగా చూపించే పద్ధతి, డాల్బీ విజన్ అందులో ఒక రకం. ఇవేవీ అబద్ధం కాదు. కానీ హెచ్‌డీఆర్ సినిమాలు ఎక్కువగా వెయ్యి నిట్ల వెలుతురుకు తయారవుతాయి, ఈ ధర టీవీలు చాలావరకు మూడొందలు, మూడొందల యాభై దగ్గర ఆగిపోతాయి. క్యూఎల్‌ఈడీ అంటే రంగులు బాగుంటాయి, నలుపు మాత్రం మారదు. శాంసంగ్ ఇప్పటిదాకా డాల్బీ విజన్ జోలికే పోలేదు, అంతమాత్రాన వాళ్ల టీవీలు చెడ్డవైపోలేదు కదా. ఇంకో పది, పదిహేను వేలు పెట్టగలిగితే లోకల్ డిమ్మింగ్ (నల్లగా ఉండాల్సిన చోట తెర వెనక లైటు తగ్గించడం) ఉన్న మినీ ఎల్‌ఈడీకి (తెర వెనక చిన్న చిన్న లైట్లు ఉండే టీవీకి) వెళ్లండి, అది పెట్టుబడికి తగ్గ తేడా.

నన్నడిగితే మన ఇళ్లలో అసలు సమస్య కేబుల్ దగ్గర వస్తుంది. ఎస్‌డీ, అంటే హెచ్‌డీ కాని మామూలు ఛానల్ బొమ్మ 720×576 చుక్కలు, 4కె తెర 3840×2160, అంటే వచ్చిన ఒక్కో చుక్కను టీవీ ఇరవై చేసి చూపించాలి. సీరియల్‌లో మొహాలు మెత్తగా అలికినట్టు కనిపిస్తాయి, న్యూస్ ఛానల్లో కింద పరిగెత్తే అక్షరాల అంచులు చెదిరిపోతాయి. టీవీ పాడైందని కంగారు పడతారు గానీ అది టీవీ తప్పు కాదు. ముందు సెట్‌టాప్ బాక్స్ వెనక్కి వెళ్లి చూడండి, చాలా ఇళ్లలో ఇంకా పసుపు, ఎరుపు, తెలుపు వైర్లే ఉంటాయి. అవి పీకేసి హెచ్‌డీఎంఐ వైరు పెట్టి, అమ్మానాన్న రోజూ చూసే ఛానళ్ల వరకైనా హెచ్‌డీ ప్యాక్ వేయించండి. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె కావాలంటే ప్రీమియం ప్లాన్ ఉండాలి, నెట్ 15 ఎంబీపీఎస్ తగ్గకుండా రావాలి.

సౌండ్ సంగతి. చాలా టీవీల్లో స్పీకర్లు కిందికి తిరిగి ఉంటాయి, 20, 24 వాట్లు, పాటలు పర్వాలేదు గానీ ఫ్యాన్ తిరుగుతుంటే డైలాగులు అర్థం కావు. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ను హెచ్‌డీఎంఐ వైరులోనే బయటికి పంపే ఏర్పాటు) ఉన్న చిన్న సౌండ్‌బార్‌కి నాలుగైదు వేలు పక్కన పెట్టుకోండి. ర్యామ్ 2 జీబీ కంటే తక్కువ ఉంటే అసలు తీసుకోవద్దు. సినిమా చూస్తుంటే మనుషులు సీరియల్‌లో లాగా జారుతున్నట్టు అనిపిస్తే సెట్టింగ్స్‌లో మోషన్ స్మూతింగ్ ఆపేయండి, క్రికెట్‌కి మాత్రం ఉంచుకోవచ్చు.

కొనేముందు మీ ఊళ్లో ఆ బ్రాండుకి సర్వీస్ ఉందో లేదో కనుక్కోండి, జిల్లా కేంద్రం దాటితే చాలా కంపెనీలకు మనుషులుండరు. పానెల్ పోతే రిపేరు ఖర్చు కొత్త టీవీకి దగ్గరగా వస్తుంది, అందుకే వారంటీ పొడిగింపు మీద డబ్బు పెట్టడం నాకు దండగ అనిపించలేదు. ఇన్‌స్టలేషన్ ఉచితమని రాసి ఉన్నా, మా ఇంటికి వచ్చినతను గోడ స్టాండుకి విడిగా డబ్బు అడిగాడు, ఆ మాట ముందే ఎవరూ చెప్పలేదు, నాకు బాగా కోపం వచ్చింది. ఆర్డర్ పెట్టేముందే ఆ రేటు అడగండి.

పాత టీవీ యూనిట్‌లో పెట్టాలనుకుంటే టేపు పెట్టి కొలవండి, 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు నాలుగడుగులు, చాలా మోడళ్లకు కాళ్లు రెండు చివర్లకు ఉంటాయి. డబ్బా మాత్రం టెక్నీషియన్ వచ్చేదాకా విప్పకండి, విప్పేటప్పుడు సీలు దగ్గర్నుంచి టీవీ ఆన్ అయ్యేదాకా ఫోన్‌లో వీడియో తీసుకోండి.