ఫ్లై హుక్కులు ఎందులో దాచాలి? పూసల పెట్టె, అయస్కాంతం, హోమియో సీసా: ఏది మేలు?

గాంధీ రోడ్డులో మగ్గం పని సామాను అమ్మే దుకాణానికి వెళ్లి చిన్న చిన్న గదులున్న ప్లాస్టిక్ పెట్టె కావాలన్నాను. "వదినకు పూసలు పెట్టుకోవడానికా అన్నా?" అన్నాడు కుర్రాడు. "కాదు, గాలం ముళ్లకు" అన్నాను. నన్ను ఒకసారి, పెట్టెను ఒకసారి చూసి, బేరమాడకముందే పది రూపాయలు తగ్గించాడు. జాలి అయి ఉంటుంది.

తిరుపతిలో ఈకలు, దారం, కుందేలు బొచ్చు ముందు పెట్టుకుని రాత్రిపూట హుక్కు మీద ఫ్లై, అంటే చేపకు ఎరగా విసిరే పురుగు బొమ్మ, కట్టే మనిషికి ఆ మాత్రం జాలి న్యాయమే. కట్టడం సరే, కట్టక ముందు హుక్కులను ఎక్కడ ఉంచాలన్నది నన్ను చాలాకాలం వేధించింది. నాలుగు పద్ధతులు మార్చాను. ఒక్కోదానితో ఒక్కో విధంగా దెబ్బతిన్నాను.

కొత్తగా మొదలుపెట్టిన వారి కోసం ముందుగా ఒక సంగతి. హుక్కు నంబరు పెరిగేకొద్దీ హుక్కు చిన్నదవుతుంది, కరెంటు తీగ గేజిలాగే. 8 కంటే 12 చిన్నది. 20 అయితే చిటికెన వేలి గోటి మీద పడుకోబెట్టవచ్చు. 1 దగ్గర లెక్క తిరగబడి 1/0, 2/0 అంటూ పెద్దవవుతూ పోతాయి. నంబరుతో పని అయిపోతే బాగుండేది. నీటి మీద తేలాల్సిన డ్రై ఫ్లైకి సన్నని తీగ హుక్కు కావాలి, మునగాల్సిన వెట్ ఫ్లైకి మందపాటి తీగ, చిన్న చేపలా ఈదాల్సిన స్ట్రీమర్‌కు పొడుగు కాడ. పైగా ఒక కంపెనీ 14కూ ఇంకో కంపెనీ 14కూ కొలత అచ్చంగా కలవదు. ఇవన్నీ రాసి ఉండేది ప్యాకెట్టు మీదే. హుక్కు మీద ఏమీ ఉండదు.

పూసల పెట్టె నన్ను ముంచింది ఇక్కడే. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. మూత తీస్తే సరుకంతా ఒక్క చూపులో కనిపిస్తుంది, పట్టకారుతో కావాల్సినది తీసుకోవచ్చు. కానీ నేను కొన్నదానికి అడ్డుగోడలు కదిలే రకం. గాడిలో దూర్చి గది పెద్దది చేసుకోవచ్చు, చిన్నది చేసుకోవచ్చు. ఆ గోడ అడుగున వెంట్రుక మందం సందు ఉంటుంది. పూసకు ఆ సందు చాలదు, పద్దెనిమిదో నంబరు హుక్కుకు రాజమార్గం. పెట్టెను రెండుసార్లు నిలువుగా సంచిలో పెట్టి తీసుకెళ్లాను. ముస్తాద్ కంపెనీ 94840 మోడల్ డ్రై ఫ్లై హుక్కులు, పక్క గదిలోని 3906 మోడల్ వెట్ ఫ్లై హుక్కులు హాయిగా కాపురం కలిపేశాయి. తెలియక ఆరు డ్రై ఫ్లైలు మందపాటి తీగ మీద కట్టాను. చెరువు పాట పాడుకున్నాయనను బతిమాలి, ఒక ఆదివారం పొద్దున్నే గట్టు మీద నిలబడి విసిరితే ఆరూ గులకరాళ్లలా మునిగాయి. జిలేబి చేపలు ఒకటి రెండింటిని మింగాయి కాబట్టి పరువు దక్కింది.

పూసల పెట్టే కొనాలనుకుంటే గోడలు పెట్టెతోపాటే పోతపోసినది తీసుకోండి. దుకాణంలోనే ఒక పరీక్ష చేయవచ్చు. గోడ అంచు మీద బిల్లు కాగితం ముక్క పెట్టి, మూత బిగించి లాగండి. సులువుగా జారి వస్తే ఆ పెట్టెను పూసలకే వదిలేయండి. వంటింట్లోని పోపుల డబ్బా కూడా వాడి చూశాను. గిన్నెలకు విడివిడిగా మూతలు లేవు గనుక ఫలితం చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఏమన్నారో కూడా చెప్పను.

తర్వాత అయస్కాంతం. డబ్బా అడుగున అయస్కాంతపు రేకు అతికిస్తే హుక్కులు పెట్టినచోటే కూర్చుంటాయి, తలకిందులు చేసినా రాలవు. ఆ వారమంతా ఈ తెలివి నాకు ముందే ఎందుకు రాలేదని మురిసిపోయాను. నెల తిరిగేసరికి అసలు గుణం బయటపడింది. కార్బన్ స్టీలు హుక్కు అయస్కాంతం మీద చాలా రోజులుంటే తానూ కాస్త అయస్కాంతమవుతుంది. ఒకటి తీస్తే మూడు గొలుసుకట్టుగా లేస్తాయి. కత్తెర దగ్గరికి తెస్తే దానికి అంటుకుంటాయి. ఇరవయ్యో నంబరు మీద దారం చుట్టేటప్పుడు ఈ బంధుప్రీతి భరించడం కష్టం. ఉప్పునీటికి వాడే స్టెయిన్‌లెస్ హుక్కుల్లో కొన్నింటిని అయస్కాంతం గట్టిగా పట్టనే పట్టదు. అవి అదే డబ్బాలో అనాథల్లా దొర్లుతుంటాయి.

ప్యాకెట్టులోనే ఉంచేస్తే? పేరు పోదు, అది పెద్ద లాభం. పోస్టుకార్డులు దాచే ఆల్బమ్‌లో వరుసగా దోపి చూశాను. ప్రతిసారీ ప్యాకెట్టు విప్పి, అరచేతిలో ఒంపుకుని, మిగిలినవి మళ్లీ లోపలికి తోయడానికి ఓపిక కావాలి. అదైనా ఓర్చుకోవచ్చు, తేమనే ఓర్చుకోలేం. మన దగ్గర ఎండాకాలం ఇనుమును ఏమీ చేయదు. ఈశాన్య రుతుపవనాలు వచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే గండం. 2021 నవంబరులో ఊరు నీట మునిగిన ఆ రోజుల్లో నీళ్లు మా గడప దాటి రాలేదు. గాలిలోని చెమ్మ చాలింది. నెల తర్వాత ఆల్బమ్ తెరిస్తే కాగితపు ప్యాకెట్లు మెత్తబడి అట్టలకు అతుక్కుపోయాయి, హుక్కుల మొనల మీద ఇటుక రంగు చుక్కలు. కంచు రంగు పూత అందమే గాని కవచం కాదు.

ఇప్పుడు నేను నిలబడింది హోమియో సీసా దగ్గర. మందుల దుకాణంలో రెండు డ్రాముల ఖాళీ గాజు సీసాలు దొరుకుతాయి, బిగుతైన మూతతో. ఒక్కో సీసాలో ఒక్కో రకం, ఒక్కో నంబరు. సీసా పైన చీటీ అంటిస్తే చేతి చెమటకు ఊడిపోతుంది. అందుకని ప్యాకెట్టు మీద నంబరు ఉన్న ముక్కను కత్తిరించి, అక్షరాలు బయటికి కనిపించేలా గాజు వెంబడి లోపలే నిలబెడతాను. హుక్కు ఉన్నంతకాలం దాని పేరు దానితోనే ఉంటుంది. సీసా బల్ల మీద దొర్లుతుందన్నది నిజమే. చెక్క ముక్కకు వరుసగా గుంటలు తొలిపించి అందులో నిలబెట్టాను. చూసిన బంధువు ఒకరు మోకాలి నొప్పికి మందు ఇవ్వమన్నారు.

ఇరవై ఐదు, వంద చొప్పున వచ్చే ప్యాకెట్లలో మిగిలిన నిల్వంతా గాలి చొరని స్టీలు డబ్బాలో ఉంటుంది, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో. బియ్యం వేయమని మా అత్తగారు అన్నారు. ఉప్పు డబ్బాకు అది పనికొస్తుంది, హుక్కుల కళ్లలో మాత్రం తవుడు పేరుకుంటుంది. సిలికా జెల్‌ను మేడ మీద ఎండబెడితే చాలనుకోకండి. పీల్చిన తేమను అది పూర్తిగా వదలాలంటే 100 డిగ్రీల పైన వేడి కావాలి. పొట్లం పాతబడితే మార్చేయడమే సుఖం. నీళ్లు తాకిన ఫ్లైని ఆరబెట్టకుండా ఏ డబ్బాలోనూ పెట్టకండి. ఒక్క తడి హుక్కు మూత కింద ఉంటే మిగిలినవాటికీ తుప్పు పడుతుంది.

అయస్కాంతాన్ని పారేయలేదు. పాలిథిన్ కవరులో చుట్టి, కట్టడం అయ్యాక బల్ల కింద నేలంతా తిప్పుతాను, పొద్దున్నే అమ్మాయి చెప్పులు లేకుండా అటే నడుస్తుంది కాబట్టి. కవరు తిరగేస్తే అంటుకున్నవన్నీ లోపల పడతాయి. నిన్న రాత్రి ఒకటి దొరికింది. పద్దెనిమిదో నంబరులా ఉంది. ఏ సీసాదో తెలియలేదు.