నర్సరీలో ఉన్న గంటలకూ చైల్డ్‌మైండర్‌కు ఫీజు కడుతున్నారా? ఇంగ్లండ్‌లోని తెలుగు తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక

స్లౌ నుంచి రెడింగ్ వరకు ఉన్న మన తెలుగు కుటుంబాలలో, చిన్నపిల్లలను చైల్డ్‌మైండర్ (తన ఇంట్లోనే ఫీజు తీసుకొని పిల్లలను చూసుకునే ఆవిడ) దగ్గర వదిలి ఉద్యోగాలకు వెళ్తున్న తల్లిదండ్రులు ఈ నెల బిల్లు కట్టే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. మీ పిల్లవాడు స్కూల్ నర్సరీలో ఉన్న గంటలకు కూడా ఆవిడ పూర్తి ఫీజు తీసుకుంటున్నట్లయితే, ఆ గంటల్లో మీ చోటు నిజంగా మీ కోసమే ఉందో లేదో వెంటనే అడిగి తెలుసుకోండి. మా విషయంలో లేదు. ఆ చోటును వేరొక కుటుంబానికి ఇచ్చి, వాళ్ల దగ్గరా మా దగ్గరా అవే గంటలకు డబ్బు తీసుకున్నారు. నిన్న సాయంత్రమే మా బాబును ఆ ఇంటి నుంచి చివరిసారిగా తీసుకొచ్చాను. కోపం ఇంకా తగ్గలేదు, కానీ ఇక్కడ రాస్తున్న ప్రతి మాటకూ నా దగ్గర బిల్లో, సందేశమో ఉంది.

ఆవిడ పేరు రాయను. మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరైనా చైల్డ్‌మైండర్ కావాలని అడిగితే మొదట వచ్చే పేర్లలో అది ఒకటి కాబట్టి చాలామందికి చెప్పకుండానే అర్థమవుతుంది. పిల్లల సంరక్షణను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్‌లో రిజిస్ట్రేషన్ ఉంది, ఇల్లు శుభ్రంగా ఉంటుంది, బాబుతో తెలుగులో మాట్లాడతారు, మధ్యాహ్నం పప్పన్నం పెడతారు. ఇవన్నీ నిజమే, వాటిని కాదనను. మొదటి రోజు నుంచే ఆవిడను అక్కా అని పిలిచాం, ఆవిడ నన్ను చెల్లీ అన్నారు. అక్కా అని పిలిచిన మనిషిని ప్రతి నెలా బిల్లు విడమరచి చూపించమని అడగడానికి మనలో చాలామందికి నోరు రాదు. ఇలాంటి వ్యవహారం నెలల తరబడి సాగిపోవడానికి ఆ మొహమాటమే కారణమవుతోంది.

ఏర్పాటు ఇది. ఉదయం 8 గంటలకు బాబును ఆవిడ ఇంట్లో వదిలితే, ఆవిడే 8:45కు స్కూల్ నర్సరీకి తీసుకెళ్లి, 11:45కు మళ్లీ తీసుకొచ్చి, సాయంత్రం 5:30 దాకా చూసుకోవాలి. గంటకు 7 పౌండ్ల చొప్పున మొత్తం తొమ్మిదిన్నర గంటలకు, అంటే రోజుకు 66 పౌండ్ల 50 పెన్నీలు కట్టాలన్నారు. నర్సరీలో ఉండే మూడు గంటలు తీసివేయరా అని నా భర్త మొదట్లోనే అడిగారు. ‘ఆ మూడు గంటలూ మీ బాబు చోటు వాడి కోసమే ఖాళీగా ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వలేను, నర్సరీ లేని రోజు వాడు నా దగ్గరే ఉంటాడు’ అని ఆవిడ జవాబిచ్చారు. ఆ మాట సందేశంగా కూడా పంపారు. అది ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

ఆ పద్ధతినే నేను తప్పుపట్టడం లేదు. ఇంగ్లండ్‌లో చైల్డ్‌మైండర్ ఫీజు ఎంత ఉండాలో ప్రభుత్వం నిర్ణయించదు, ఎవరి ధర వాళ్లు పెట్టుకుంటారు. ఒంటరిగా పనిచేసే చైల్డ్‌మైండర్ సాధారణంగా ఎనిమిదేళ్లలోపు పిల్లలను ఒకేసారి ఆరుగురికి మించి చూసుకోకూడదు, వారిలో ఐదేళ్లలోపు చిన్నపిల్లలు ముగ్గురికి మించకూడదు, ఏడాదిలోపు బిడ్డ ఒక్కరే ఉండాలి. అందువల్ల నర్సరీకి వెళ్లే పిల్లవాడు మధ్యలో మూడు గంటలు లేకపోయినా, ఆ మూడు గంటలకే సరిపోయే మరో చిన్న బిడ్డ దొరకడం కష్టం. పైగా పిల్లవాడికి జ్వరం వచ్చిందని నర్సరీ ఫోన్ చేస్తే పరుగెత్తవలసింది ఆవిడే. ఈ కారణాలతో కొందరు ఆ గంటలకు సగం ఫీజు తీసుకుంటారు, దాన్ని రిటైనర్ అంటారు. కొందరు పూర్తిగా తీసుకుంటారు, కొందరు అసలు తీసుకోరు. బడిలో మొదటి తరగతి అయిన రిసెప్షన్‌లో చేరాక ఉదయం ఒక రేటు, బడి వదిలాక కనీసం ఇన్ని గంటలని మరో రేటు పెట్టేవారూ ఉన్నారు. ముందే చెప్పి, చెప్పిన మాట నిలబెట్టుకున్నంత కాలం ఇందులో ఏదీ మోసం కాదు. చోటు పట్టి ఉంచినందుకు డబ్బు తీసుకున్నవారు ఆ చోటును పట్టి ఉంచాలి. నా ఫిర్యాదు అంతవరకే.

పోయిన వారం ఒక ఉదయం, మేము ఇంటి నుంచి బయలుదేరుతుండగా స్కూల్ నుంచి సందేశం వచ్చింది. బాయిలర్ పాడైనందువల్ల ఆ రోజు నర్సరీ తరగతి తెరవడం లేదని దాని సారాంశం. నా భర్త అప్పటికే లండన్ రైలు ఎక్కేశారు. నాకు కంగారు కలగలేదు, ఎందుకంటే ఇలాంటి రోజు కోసమే కదా మేము ఆ మూడు గంటలకు డబ్బు కడుతున్నది. ఎప్పటిలాగే 8 గంటలకు వాళ్ల తలుపు కొట్టి, ఈ రోజు నర్సరీ లేదట అక్కా, బాబు మీ దగ్గరే ఉంటాడు అని చెప్పాను.

ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడే, ‘ఈ పూట కుదరదు చెల్లీ, తొమ్మిదింటికి ఇంకో పాప వస్తుంది. ఐదేళ్లలోపు వాళ్లను ముగ్గురికి మించి పెట్టుకోకూడదని నీకు తెలుసు కదా’ అన్నారు. ఏ పాప అని అడిగాను. ‘రోజూ తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా వచ్చే పాప’ అన్నారు. ఏ సంకోచమూ లేకుండా, పాలవాడు వచ్చి వెళ్లాడని చెప్పినంత మామూలుగా చెప్పారు.

ఆ ఒక్క మాటతో నాకు అంతా తెలిసిపోయింది. మరి ఆ మూడు గంటలకు మేము కడుతున్నది దేనికి అక్కా అని అడిగాను. స్లాట్ పట్టి ఉంచినందుకు అన్నారు. పట్టి ఉంచితే ఈ రోజు మా బాబుకు ఎందుకు లేదు అన్నాను. అప్పుడు ఆవిడ ముఖం మారింది. ‘పొద్దున్నే గుమ్మంలో నిలబడి లెక్కలు మాట్లాడకు. అంత లెక్క చూసుకునేవాళ్లు ఇండియా నుంచి అత్తగారిని రప్పించుకోవాలి గాని చైల్డ్‌మైండర్‌ను పెట్టుకోకూడదు’ అని తలుపు వేసేశారు.

మా మామగారు పక్షవాతంతో మంచం మీద ఉన్నారని, ఆయనను వదిలి మా అత్తగారు గుంటూరు దాటి రాలేరని ఆవిడకు తెలుసు. ఈ సంగతి చెప్పుకొని నేను కన్నీళ్లు పెట్టుకున్నది ఆవిడ వంటింట్లోనే. ఆ బాధను గుర్తుపెట్టుకొని, డబ్బు విషయం అడిగిన పూట అదే ఎత్తి చూపి నా నోరు మూయించడం నేను క్షమించలేను. రెయిన్‌కోటు వేసుకొని, సంచి పట్టుకొని నిలబడ్డ బాబు నేను ఏం తప్పు చేశానమ్మా అని అడిగాడు. ఆ మూడు గంటల ఇరవై ఒక్క పౌండ్ల సంగతి నేను మరిచిపోగలను గాని, ఆ ప్రశ్న నాలుగేళ్లు నిండని పిల్లవాడి నోట వినడాన్ని మరిచిపోలేను. ఆ రోజు సెలవు పెట్టుకున్నాను, జీతం కోత పడింది. ఆ రోజుకు కూడా పూర్తి ఫీజు బిల్లులో వచ్చింది.

ఆ పాప తల్లి కూడా మన గ్రూపులోనే ఉన్నారు. ఆమె తప్పు ఏమాత్రం లేదు, జరిగింది విని ఆమె నాకంటే ఎక్కువ నొచ్చుకున్నారు. ఇద్దరం బిల్లులు పక్కపక్కన పెట్టుకొని చూశాం. అక్టోబరు హాఫ్ టర్మ్ (టర్మ్ మధ్యలో బడికిచ్చే సెలవులు) తరువాత నుంచి రోజూ 9 నుంచి 11:30 వరకు ఆమె 17 పౌండ్ల 50 పెన్నీలు కడుతున్నారు. అదే చోటుకు, అవే గంటలు కలిసిన మూడు గంటలకు మేము 21 పౌండ్లు కడుతున్నాం. వారానికి అది 105 పౌండ్లు. బడి నడిచే 38 వారాలకు లెక్కిస్తే 3,990 పౌండ్లు అవుతుంది. ఒక కుటుంబం ఏడాదిలో ఇంటికి వెళ్లి రావడానికి కూడబెట్టుకునే డబ్బు అది.

ఆ పాప చేరిన నాటి నుంచి తీసుకున్న ఫీజు తిరిగి ఇవ్వమని మర్యాదగానే ఈ-మెయిల్ రాశాను. దానికి జవాబుగా నిన్న సాయంత్రం బాబును తీసుకొచ్చేటప్పుడు చేతికి ఒక కాగితం ఇచ్చారు. రేపటి నుంచి బాబును పంపవద్దు, ఒప్పందం ప్రకారం నాలుగు వారాల నోటీసు డబ్బు మాత్రం చెల్లించాలి, 200 పౌండ్ల డిపాజిట్ అందులో సర్దుబాటు చేసుకుంటాను అని అందులో ఉంది. పంపవద్దన్నది ఆవిడ, నోటీసు డబ్బు కట్టవలసింది మేము! ఒప్పందంలో నోటీసు ఇరువైపులా వర్తిస్తుందని ఉంది గాని, పిల్లవాడిని చూసుకోవడానికి తానే నిరాకరించి డబ్బు తీసుకోవచ్చని ఎక్కడా లేదు.

ఈ దెబ్బ మనవాళ్లకు ఎక్కువగా తగలడానికి ఒక కారణం ఉంది. 2025 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసే తల్లిదండ్రుల పిల్లలకు తొమ్మిది నెలల వయసు నుంచే వారానికి 30 గంటల ప్రభుత్వ సహాయం అందుతోంది. కానీ స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్న దంపతులకు ప్రభుత్వ నిధులు వాడుకోకూడదనే షరతు ఉన్నందువల్ల ఆ 30 గంటలు రావు, పిల్లల సంరక్షణ ఖర్చుకు ఇచ్చే టాక్స్-ఫ్రీ చైల్డ్‌కేర్ సహాయం కూడా రాదు. మూడేళ్లు నిండిన తరువాతి టర్మ్ నుంచి వీసాతో సంబంధం లేకుండా అందరు పిల్లలకూ ఇచ్చే 15 గంటలు మాత్రమే వస్తాయి, అదీ ఏడాదికి 38 వారాల లెక్కన. రోజుకు మూడు గంటల స్కూల్ నర్సరీతోనే అవి అయిపోతాయి. మిగతా ప్రతి గంటా మన జేబులోంచే. మనకు దక్కే సహాయమల్లా ఆ 15 గంటలే అయినప్పుడు, సరిగ్గా ఆ గంటలకే మళ్లీ పూర్తి డబ్బు కట్టించుకుంటే ఆ సహాయం వచ్చీ రానట్టే.

ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. చైల్డ్‌మైండర్లు పిల్లలందరినీ వెంటబెట్టుకొని నడుస్తారు కాబట్టి దగ్గరలోని ఒకటి రెండు స్కూళ్లకు మాత్రమే తీసుకెళ్లగలరు. టర్మ్ మధ్యలో ఆవిడను వదులుకుంటే ఆ స్కూలుకు వెళ్లే మరొకరు దొరకడం గగనమవుతుంది. ఈ సంగతి మనకంటే ఆవిడకే బాగా తెలుసు. అంత గట్టిగా తలుపు వేయగలిగింది అందుకేనని నా అభిప్రాయం.

కొత్తగా చేరేవారు ఈ మాటలు నోటితో కాక రాతలో తీసుకోండి. నర్సరీ గంటలకు ఫీజు ఉందా, ఉంటే ఎంత, ఆ గంటల్లో చోటు వేరొకరికి ఇస్తే మన ఫీజు తగ్గుతుందా, ఇన్‌సెట్ రోజుల్లోనూ (టీచర్ల శిక్షణ కోసం పిల్లలకు బడి లేని రోజులు) నర్సరీ హఠాత్తుగా మూసిన రోజుల్లోనూ పిల్లవాడిని ఉంచుకుంటారా, ఆవిడే మానిపిస్తే డిపాజిట్ తిరిగి వస్తుందా అన్నవి ఒప్పందంలో ఉండాలి. ప్రభుత్వ సహాయపు గంటలను మీరు చైల్డ్‌మైండర్ దగ్గరే వాడుకుంటున్నట్లయితే, ఆ గంటలకు మీ దగ్గర తప్పనిసరి అదనపు రుసుము వసూలు చేయకూడదు, అలా అడిగితే కౌన్సిల్‌కు చెప్పండి. ఫీజు తగాదాలను ఆఫ్‌స్టెడ్ తీర్చదు కాబట్టి అక్కడికి రాసి సమయం పోగొట్టుకోవద్దు. ముందు ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ వారిని సంప్రదించండి. అన్యాయమైన షరతులు వినియోగదారునికి వర్తించవని 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం చెబుతుంది, 10,000 పౌండ్ల వరకు స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల దావాలు) కింద కోర్టుకు వెళ్లవచ్చు. ఈ కోపంలో రిజిస్ట్రేషన్ లేని ఇళ్లలో నగదు ఇచ్చి పిల్లలను వదలడానికి మాత్రం సిద్ధపడకండి.

నేను డబ్బు తిరిగి ఇవ్వమని 14 రోజుల గడువుతో రాతపూర్వకంగా పంపుతున్నాను. ఆవిడ దగ్గర పిల్లలను ఉంచుతున్నవారు అక్టోబరు నుంచి వచ్చిన బిల్లులు తీసి, నర్సరీ గంటల వరుస చూసుకొని, అవే గంటల్లో వేరే పిల్లలు ఉన్నట్లు తెలిస్తే నాకు విడిగా సందేశం పెట్టండి. ఆ పాప తల్లి తన బిల్లుల నకళ్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.